11 బట్టలు, 21 రోజులు: మెట్టప్రాంతం మగవాడి బీరువా లెక్క

మే నెల మధ్యాహ్నం నెల్లూరు జిల్లా దుత్తలూరు సెంటర్లో పది నిమిషాలు బస్సు కోసం నిలబడితే, వేసుకున్న చొక్కా ఎలాంటిదో ఒళ్లే చెప్పేస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఎండ 42 డిగ్రీలు దాటడం ఏటా ఉండేదే. ఇలాంటి చోట హుందాగా కనిపించాలనుకునే మగవాడు బట్టల కొట్టు మెట్లెక్కే ముందు గుర్తుంచుకోవాల్సిన అంకె 8.5.

నూలు గుడ్డ మామూలు గాలిలో తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. లినెన్ 12 శాతం, పట్టు 11 శాతం. పాలిస్టర్ 0.4 శాతం, అంటే నూలులో ఇరవయ్యో వంతు. కొట్లో ‘కాటన్ మిక్స్’ అని చూపించే గుడ్డలో 65 పాళ్లు పాలిస్టర్, 35 పాళ్లు నూలు ఉంటే ఆ లెక్క 3.2 దగ్గరే ఆగిపోతుంది. నలగదు, గంటలో ఆరిపోతుంది, రంగు వెలవదు, అందుకే కొంటాం. చెమట మాత్రం గుడ్డలోకి ఇంకక వీపుకు అతుక్కుంటుంది. రెడీమేడ్ చొక్కా లోపల, పక్క కుట్టు దగ్గర చిన్న పట్టీ మీద ఈ పాళ్లు అచ్చేసి ఉంటాయి. ధర చీటీ కంటే ముందు అది చదవాలి.

ఇక ఎన్ని కావాలి? నా లెక్కలో 11. చొక్కాలు అయిదు: రెండు తెల్లవి, ఒకటి లేత నీలం, ఒకటి సన్నచారలది, ఒకటి గోధుమ వన్నె లినెన్. ప్యాంట్లు మూడు: ముదురు నీలం, బూడిద రంగు, ఖాకీ. పంచెలు రెండు, జుబ్బా ఒకటి. అయిదు చొక్కాల్లో ఏదైనా మూడు ప్యాంట్లలో దేనిమీదికైనా నప్పేలా ఎంచుకుంటే 15 జతలు. రెండు పంచెల మీదికి రెండు తెల్లచొక్కాలు, జుబ్బా కలిపితే మరో ఆరు. మొత్తం 21, మూడు వారాలు వేసిన జత మళ్లీ వేయకుండా గడుస్తుంది. ఈ లెక్కను చెడగొట్టేది ఒకే ఒక్క ప్యాంటుకు సరిపోయే ముదురు పూల చొక్కా. పండక్కి మోజుపడి తెచ్చుకున్నది బీరువాలో చోటు తింటుందే తప్ప జతల సంఖ్యను పెంచదు.

గుడ్డ నాణ్యతకు కొలత కౌంటు. కొట్లో ‘ఫార్టీస్’, ‘హండ్రెడ్స్’ అంటుంటారు, అర్థం మాత్రం అరుదుగా చెబుతారు. ఒక పౌను నూలులో, అంటే 453.6 గ్రాముల్లో, 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్ని కౌంట్లు. 40 కౌంటు కిలో నూలును సాగదీస్తే సుమారు 68 కిలోమీటర్లు. 100 కౌంటుదైతే 169 కిలోమీటర్లు. అంత సన్నని పోగుతో నేసిన గుడ్డ తేలిగ్గా ఉంటుంది, ఒంటిమీద జారుతుంది, గాలి ఆడుతుంది. రోజువారీ చొక్కాకు 40, 60 కౌంట్లు చాలు, అరుగుదలకు ఓర్చుకుంటాయి. 100 కౌంటు పోగులు రెండు పేనినది రెండు పోగుల నూలు. లావులో అది 50 కౌంటుకు సమానం, కానీ నునుపు, గట్టిదనం ఎక్కువ. పెళ్లిళ్లకు కట్టే పంచెకూ మంచి తెల్లచొక్కాకూ అది తగును.

ఈ 100 కౌంటు మనకు కొత్త కాదు. వెలుగోటి రాజుల ఆదరణలో ఎదిగిన వెంకటగిరి నేతకు పేరొచ్చిందే సన్ననూలుతో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నెల్లూరు వాళ్లకు అది ఇప్పటికీ మన ఊరి మగ్గమే. ఇంకా ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో 100 కౌంటు దాకా వడుకుతారు. యంత్రం తగలని ఆ గుడ్డను ఒక్కసారి వేళ్ల మధ్య పెట్టి చూసినవాళ్లకు నాణ్యత గురించి వేరే పాఠం అక్కర్లేదు.

మగవాళ్ల మేలైన దుస్తులంటే సూటూ టైయే అనే పట్టికల్లో పంచె కనపడకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన జిల్లా మన నెల్లూరు. ఇదే జిల్లా చవటపాళెంలో పుట్టిన వెంకయ్యనాయుడు 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతిగా ఢిల్లీలో తిరిగింది తెల్లచొక్కా, పంచెలతోనే. పంచెకట్టులోని నిండుదనానికి కారణం కొలత. మూర అంటే 18 అంగుళాలు. ఎనిమిది మూరలంటే 3.66 మీటర్లు. రెండు మడతలుగా చుట్టుకునే పంచెకు ఇది సరిపోతుంది. గోచీ పోసి కట్టాలంటే 4 మీటర్లకు తగ్గకూడదు. పన్నా 50 అంగుళాలు మామూలు. పొడగరులు 54 అడిగి తీసుకోవాలి, లేకపోతే అంచు చీలమండ పైనే ఆగి పొట్టిగా కనపడుతుంది.

కుట్టు విషయంలో మాత్రం తొందర పడకండి. 58 అంగుళాల పన్నా గుడ్డలో నిండుచేతుల చొక్కాకు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.3 మీటర్లు పడుతుంది. కత్తెర పడకముందే నూలు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. కొత్త గుడ్డ మొదటి ఉతుకులో 3 శాతం కుంచించుకుపోయినా, 42 అంగుళాల ఛాతీ చుట్టుకొలతలో అంగుళంపావు పోయినట్టే. 25 అంగుళాల చేయి ముప్పావు అంగుళం పొట్టిదవుతుంది. టైలర్ దగ్గరకు ఆది చొక్కా తీసుకెళ్లడం మంచి అలవాటే. కానీ ఆ ఆది నాలుగేళ్ల కిందటిదైతే ఒంటిని మళ్లీ కొలిపించుకోండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివరే పడాలి. నడుము బిగించొచ్చు, చేతులు మడిచి కుట్టొచ్చు. భుజం తప్పితే మాత్రం చొక్కా అంతా విప్పాలి. మెడ గుండీ పెట్టాక కాలరులో రెండు వేళ్లు దూరాలి. ప్యాంటు నడుము వెనక కుట్టులో అంగుళన్నర గుడ్డ వదలమని అడగండి, అయిదేళ్ల తర్వాత అది ఆదుకుంటుంది.

డబ్బు లెక్క చేద్దాం. 600 రూపాయల చొక్కా 30 ఉతుకులకు కాలర్ చిరిగిందనుకుంటే ఒక్కసారి వేసుకున్నందుకు 20 రూపాయలు. 1,500 రూపాయలది 120 ఉతుకులు నిలిస్తే 12 రూపాయల 50 పైసలు. జీఎస్టీ కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్‌పై 5 శాతం, దాటితే 18 శాతం. 2,500 చొక్కాకు పన్నుతో 2,625 అవుతుంది. 2,600 చొక్కాకు 3,068. ధరలో తేడా వంద, జేబులోంచి పోయేది 443. తానులోంచి కోయించుకునే గుడ్డకు ధర ఎంతైనా 5 శాతమే కాబట్టి, ఖరీదైనది కావాలనుకున్నవాళ్లకు ఊరి టైలరే లాభం.

తెలుపు నిలవడం నీళ్లను బట్టి ఉంటుంది. బోరు నీళ్లలో ఉప్పుల శాతం ఎక్కువైతే సబ్బు నురగరాక తెట్టులా గుడ్డమీద పేరుకుంటుంది, నాలుగు నెలల్లో తెల్లచొక్కా బూడిద రంగుకు తిరుగుతుంది. సబ్బుబిళ్ల మానేసి డిటర్జెంట్ వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. బ్లీచింగు మాత్రం నూలు పోగును కొరుకుతుంది. తెల్లవి ఎండలో, రంగువి తిరగేసి నీడలో ఆరేయాలి.

ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లే కుర్రాడు ఈ 11నీ ఒకేసారి కొననక్కర్లేదు. మొదటి జీతంతో రెండు తెల్లచొక్కాలు, ముదురు నీలం ప్యాంటు, నల్ల బెల్టు, నల్ల తోలు బూట్లు. ఆరు నెలల్లో లేత నీలం చొక్కా, బూడిద రంగు ప్యాంటు. మాఘమాసం పెళ్లిళ్ల నాటికి వెంకటగిరి పంచె. మిగతావి రెండో ఏడాది. బ్లేజరు అన్నింటికన్నా చివర: ముదురు నీలం, సగం లైనింగు ఉన్నది, లోపలి చొక్కా చేయి అర అంగుళం బయటికి కనపడేలా కుట్టించినది.