రాళ్లు తిరగేసే పిట్టకు గడ్డుకాలం

విశాఖపట్నం: అలలు విరిగిపడే రాళ్ల మీద చాలా పక్షులు నిలవలేవు. అక్కడే నిబ్బరంగా తిరుగుతూ, ముక్కుతో రాళ్లను పక్కకు నెట్టి అడుగున దాగిన పురుగులను ఏరుకు తినే చిన్న పక్షి ఒకటుంది. ఆంగ్లంలో దీనిని ‘రడ్డీ టర్న్‌స్టోన్’ అంటారు. రాయిని తిరగేసేదని అర్థం. ఇంచుమించు గోరువంకంత ఉండి, సుమారు 100 గ్రాములు తూగే ఈ పక్షి ఏటా శీతాకాలంలో ఆంధ్ర తీరంతో సహా మన దేశ సముద్ర తీరాలకు వలస వస్తుంది.

దీని ముక్కు పొట్టిగా, ఉలిలా గట్టిగా ఉండి కొస కొద్దిగా పైకి తిరిగి ఉంటుంది. మెడ కండరాలు బలమైనవి. పొట్టి నారింజ రంగు కాళ్లతో, వంపు గోళ్లతో తడిరాళ్లను పట్టుకుని నిలుస్తుంది. ఒక్కదాని వల్ల కాని బరువును రెండు మూడు కలిసి దొర్లించడం కూడా పరిశీలకుల కంటపడింది. రాళ్లకు అతుక్కున్న గుల్లజీవులు, చిన్న పీతలు, నాచు కింది పురుగులు దీని ఆహారం. అవి దొరకనప్పుడు పట్టింపేమీ లేదు. సబ్బు ముక్కలు తిన్న సందర్భాలు సైతం నమోదయ్యాయి!

ఇంతటి మొండిఘటం పుట్టేది మాత్రం ఉత్తర ధ్రువ ప్రాంతంలో. నేల మీద చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. పిల్లలకు ఎగరడం రాకమునుపే తల్లి వలసబాట పడుతుంది, తండ్రి కాపలా ఉంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2009లో కొన్నింటి కాళ్లకు గ్రాము బరువున్న పరికరాలు అమర్చారు. వాటిలో ఒకటి ఆరు రోజుల్లో 7,600 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరి తైవాన్ చేరింది. అక్కడి నుంచి సైబీరియా వెళ్లి, పసిఫిక్ దీవుల మీదుగా తిరిగివచ్చింది. మొత్తం ప్రయాణం సుమారు 27 వేల కిలోమీటర్లు.

చిక్కంతా ఆ మజిలీలతోనే. దారిలో ఒక్క తీరం పాడైనా ప్రయాణం దెబ్బతింటుంది. అమెరికాలోని డెలావేర్ అఖాతంలో ఈ పక్షులు గుర్రపునాడా పీతల గుడ్లు తిని బలం పుంజుకునేవి. 1990వ దశకంలో ఆ పీతలను చేపల వేటకు ఎరగా విపరీతంగా పట్టడంతో గుడ్లు కరవయ్యాయి. న్యూజెర్సీ రాష్ట్రం 2008లో ఆ వేటను నిలిపివేసింది. ఒకప్పుడు బెంగ అక్కరలేని జాబితాలో ఉన్న ఈ పక్షిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో ‘ముప్పునకు చేరువైన’ వాటిలో చేర్చింది.

చలికాలమంతా మట్టిరంగులో రాళ్లలో కలిసిపోయే ఈ పక్షికి తిరుగు ప్రయాణానికి ముందు వీపున ఇటుక రంగు తేలుతుంది. కొవ్వు కూడగట్టుకునేది ఆ రోజుల్లోనే. ఎవరో తరిమారని లేచిన ప్రతిసారీ అందులో కొంత కరిగిపోతుంది.