లైటు ఆరిందంటే బాగైనట్టేనా?

కారు డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగితే ఇంజన్ పోయిందని కంగారు పడతాం. అసలు ఆ లైటు ముఖ్యంగా పొగ కోసం పెట్టింది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి చేసింది కూడా కాలుష్యం గొడవ వల్లే.

తమాషా ఏంటంటే, ఆ కంప్యూటర్ పొగలో ఏముందో నేరుగా కొలవదు. లెక్కగట్టి ఊహిస్తుంది. సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది, విషవాయువుల్ని తగ్గించేది అదే. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. చాలా పెట్రోలు కార్లలో ముందు సెన్సర్ వోల్టేజి 0.1కి, 0.9కి మధ్య ఊగుతూనే ఉంటుంది. కన్వర్టర్ ఆక్సిజన్‌ని కాస్త దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది కాబట్టి వెనక సెన్సర్ నిలకడగా ఉండాలి. అది కూడా ముందుదానిలా ఊగుతోందంటే మధ్యలో డబ్బా పని చేయట్లేదన్నమాట. దాని కోడ్ పీ0420.

ఒక్కసారి తేడా కనపడగానే సాధారణంగా లైటు వెలగదు. ఆ కోడ్‌ని పెండింగ్‌లో పెట్టి, తర్వాతి ప్రయాణంలోనూ అదే తప్పు దొరికితే అప్పుడు వెలిగిస్తుంది. లైటు మిణుకు మిణుకుమంటే మాత్రం అలాగే నడుపుతూ పోకూడదు: సిలిండర్‌లో మండని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌నే కాల్చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి అసలు విషయం ఇక్కడుంది. స్కానర్ పెట్టి కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది, రిపేరు చేయకపోయినా సరే. కానీ కోడ్‌తో పాటు పాత పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. చాలా మానిటర్ల పక్కన 'నాట్ రెడీ' అని పడుతుంది. మన భాషలో చెప్పాలంటే అది ట్రూ కాదు, ఫాల్స్ కాదు, నల్. డాష్‌బోర్డు మాత్రం నల్‌ని కూడా 'అంతా బాగుంది' లాగే చూపిస్తుంది! కాలిఫోర్నియా పొగ పరీక్షలో అందుకే లైటుతో పాటు మానిటర్లూ చూస్తారు.

కాబట్టి ముందు తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూడండి. ఆ లైటు వెలగాలి. వెలగలేదంటే దాన్ని పీకేశారేమో అనుమానించాలి. తర్వాత స్టీరింగ్ కింది పోర్టుకి స్కానర్ తగిలించి మానిటర్లు చూడండి. బ్యాటరీ తీసి పెట్టినా నాట్ రెడీ వస్తుంది, అందుకని అమ్మేవాణ్ణి వెంటనే దొంగ అనేయొద్దు. నాలుగైదు రోజులు నడిపి మళ్లీ చూపించమనండి.