పటం చదవడం నేర్చుకునే గురువులు

1970లో కేరళ కొబ్బరితోటల మీదుగా ఒక హెలికాప్టరు ఎగిరింది. అందులోని కెమెరాలో ఉన్నది మామూలు ఫిలిం కాదు. ఆకుపచ్చ రంగు పూసి దాచిన శత్రు స్థావరాలను పసిగట్టడానికి రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రూపొందిన పరారుణ ఫిలిం అది. శాస్త్రవేత్త పి.ఆర్. పిషారటి బృందం దానిని కొబ్బరిచెట్ల తెగులును గుర్తించడానికి వినియోగించింది. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కానరాని పరారుణ కిరణాలను ధారాళంగా వెనక్కు పంపుతుంది. జబ్బుపడిన ఆకు అంతగా పంపలేదు. అందువల్ల ఆ ఫిలిం మీద మొదటిది చిక్కని ఎరుపుగాను, రెండవది వెలిసిపోయిన రంగుగాను పడుతుంది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు శ్రీకారం చుట్టిన ప్రయోగంగా దీనిని చెప్పుకుంటారు.

బొమ్మ తీయడం వేరు, చదవడం వేరు. చెట్లు ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపించే ఈ వింత లిపిని చదవగలవారు కావాలి. వారికి నేర్పే గురువులు అంతకంటె ముందు కావాలి. ఆ పని అప్పటికే డెహ్రాడూన్‌లో ఆరంభమయింది. 1957లో నెదర్లాండ్స్ పర్యటనలో నెహ్రూకు కలిగిన ఆలోచన ఫలించి, ఆ దేశ సహకారంతో, 1966 ఏప్రిల్ 21న అక్కడ విమాన ఛాయాచిత్రాల పఠనం నేర్పే సంస్థ వెలిసింది. ఇస్రోలో భాగమైన నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ అదే.

తొలినాటి విద్యార్థి చేతిలోని పనిముట్టు స్టీరియోస్కోపు. విమానం ముందుకు సాగుతూ తీసిన రెండు ఫోటోలలో నూటికి అరవై పాళ్లు ఒకే నేల ఉంటుంది. వాటిని పక్కపక్కన పరచి రెండు కటకాల గుండా చూస్తే, చదునైన కాగితం మీద కొండలు లేచి నిలుస్తాయి, లోయలు దిగబడతాయి. చూపు కుదరడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. 22 రోజులకొకసారి అది అదే నేలను తిరిగి చూసేది. క్రమంగా కటకాల స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది.

ఈ సంస్థ చేసిన పనులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులకు వేసవిలో నడుపుతూ వచ్చిన ఎనిమిది వారాల శిక్షణ. భూగోళం, భూగర్భశాస్త్రం, అడవులు, నేలలు, నీటి వనరులు బోధించేవారు అక్కడ మళ్లీ బల్లల మీద విద్యార్థులై కూర్చుంటారు. పుస్తకం చూసి నేర్చుకున్నవారు తరగతిలో పుస్తకమే వల్లిస్తారు గనుక, ఈ శిక్షణ సగం గదిలోనూ సగం ఆరుబయటా సాగవలసిందే.

ఎందుకో ఒక ఉదాహరణ. అనంతపురం వంటి మెట్టప్రాంతపు వేసవి చిత్రం తీసుకోండి. బీడు భూముల నడుమ ఒకచోట దట్టమైన ఎరుపు. కంప్యూటరు దానిని అడవి అనవచ్చు, నీటి వసతి గల తోట అనవచ్చు. ఆ సీమలో పెరిగినవారు మాత్రం ఒక క్షణం ఆగుతారు. పూడుకుపోయిన చెరువు గర్భంలో సర్కారు తుమ్మ వనంలా అల్లుకుంటుందనీ, లోతుకు దిగే వేళ్ల వల్ల మండువేసవిలోనూ పచ్చగా ఉంటుందనీ వారికి తెలుసు. పటంలో ఆ చోటికి అడవి రంగు వేస్తే, పూడిక తీయవలసిన చెరువుల జాబితాలోకి ఆ చెరువు ఎక్కదు. ఆయకట్టు రైతుకు తన చెరువు కాగితం మీద ఎప్పుడు మాయమయిందో కూడా తెలియదు.

ఈనాడు బొమ్మలకు కరువు లేదు. అమెరికా 2008లో లాండ్‌శాట్ చిత్రాలను ఉచితం చేసింది. 2009లో ఇస్రో భువన్‌ను ప్రారంభించింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం పటాల తయారీపై పాత ఆంక్షలను చాలావరకు సడలించింది. పటాలు గీసే క్యూజిఐఎస్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఇంత సులువయ్యాక, కదలకుండా కుర్చీలోనే పటం ముగించే అలవాటు పెరగడం సహజమే. నన్ను కలవరపెట్టేదీ అదే.

శిక్షణలో ‘గ్రౌండ్ ట్రూత్’ అనే మాట ఒకటి వినిపిస్తుంది. అనువాదం వృత్తిగా గల నాకు దానికి సరిపడే తెలుగు దొరకలేదు. ‘నేల చెప్పే సాక్ష్యం’ అని సరిపెట్టుకున్నాను. అధ్యాపకులు జి.పి.ఎస్. పట్టుకుని పొలాలకు వెళ్లి అక్షాంశ రేఖాంశాలు, పైరు, మట్టి రంగు రాసుకుంటారు. వంద చోట్లు ఎంచుకుంటే, పటం చెప్పినదీ నేల చెప్పినదీ ఎదురెదురుగా పట్టికలో వేస్తారు. ఎనభై అయిదు చోట్ల పొత్తు కుదిరితే పటం చాలునన్నది అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1976లో సూచించిన కొలబద్ద. తక్కిన పదిహేను చోట్లకు మళ్లీ నడిచి వెళ్లాలి. అక్కడ జీవాలు మేపుకునేవారిని నిలబెట్టి, కిందటేడు ఇక్కడ ఏముండేదని అడగాలి.