వైట్‌మెటల్ బేరంలో తగరం శాతమే కీలకం

ద్వారకా తిరుమల: మెట్టలో బోరు మోటార్లు, తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లులు, కొల్లేరు చుట్టూ చేపల చెరువుల ఏరేటర్లు. ఇరుసు తిరిగే ప్రతి చోటా బేరింగు అరుగుతుంది. బాల్ బేరింగుల గుళ్లు, రింగులు క్రోమియం ఉక్కువి గనుక వాటి లెక్క వేరు. పాత ఆయిలింజన్ల బేరింగులకు పోసే వైట్‌మెటల్‌కు, గన్‌మెటల్ బుష్షులకు మాత్రం ధరలో తగరం లెక్కలోకి వస్తుంది.

వైట్‌మెటల్ పేరిట రెండు సరకులు చేతులు మారుతున్నాయి. మేలు రకంలో కిలోకు సుమారు 890 గ్రాముల తగరం, మిగిలినది ఆంటిమొనీ, రాగి. సీసం రకంలో సీసం 750, ఆంటిమొనీ 150 పోను తగరం 100 గ్రాములే. చూపునకు రెండూ తెల్లనివే. తక్కువ బరువు మోసే ఇరుసులకు సీసం రకం పనికిరానిదేమీ కాదు. దానిని తగరం ధరకు కొనడమే నష్టం.

ఆ నష్టం చిన్నది కాదు. లండన్ మార్కెట్‌లో తగరం 2022 మార్చిలో టన్ను 50 వేల డాలర్ల దాకా ఎగబాకి, అదే ఏడాది అక్టోబరు చివరకు 20 వేల లోపునకు పడిపోయింది. 1985 అక్టోబరులో అంతర్జాతీయ తగరం మండలి చేతులెత్తేయడంతో అక్కడ తగరం లావాదేవీలే ఆగిపోయాయి. అవి తిరిగి మొదలైనది 1989లో. ఇంతగా ఊగిసలాడే సరకును కంటిచూపుతో కొనరాదు.

తూకమే పరీక్ష. బోలు లేని కిలో దిమ్మను దారంతో కాటాకు వేలాడదీసి నీటిలో పూర్తిగా ముంచి తూచాలి. తగరం రకమైతే 865 గ్రాములు, సీసం రకమైతే 897 గ్రాముల ప్రాంతంలో తూగుతుంది. నడిమి అంకె వస్తే కల్తీని అనుమానించాలి. తగరం రకంలో సీసం కలిస్తే 183 డిగ్రీల వేడికే కొంత భాగం కరగనారంభిస్తుంది. ఇంజను వేడెక్కిననాడు బేరింగు జారిపోతుంది.

గన్‌మెటల్‌కు ఈ పరీక్ష చాలదు. ఇత్తడి సాంద్రత దానికి దగ్గరగానే ఉంటుంది. గన్‌మెటల్‌లో ఎరుపు ఛాయ, ఇత్తడిలో పసుపు ఛాయ కనిపించినా, పెద్ద లాటుకు లాబొరేటరీ రిపోర్టు తీసుకోవడమే క్షేమం.

వైట్‌మెటల్ బిల్లుపై ఐ.ఎస్. 25 గ్రేడు, తగరం శాతం రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడే సరకుకు సీసం రకం ధర మించి పలకకపోవడం మేలు.