కవచం లేని బ్యాటరీ

రేడియోతో నడిచే బుల్లి హెలికాప్టర్ గాలిలో కదలకుండా నిలబడితే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. దాన్ని నిలబెట్టే మోటారుకు మాత్రం అది ఊపిరి సలపని పని. విమానానికి రెక్కల ఆసరా ఉంది కాబట్టి మోటారు ఆగినా కొంత దూరం జారుకుంటూ వచ్చి దిగుతుంది. హెలికాప్టర్ ఒకచోట నిలవాలంటే గాలిని ఎడతెగకుండా కిందికి నెడుతూనే ఉండాలి. పైగా ఇందులో ఒక మెలిక ఉంది. రెక్కల సైజు మార్చకుండా బరువు రెట్టింపు చేస్తే, నిలబడడానికి కావలసిన శక్తి రెట్టింపుతో ఆగదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. అందుకే ఇక్కడ ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాలి. ఉన్న సామాన్లలో బాగా బరువు తూగేది బ్యాటరీ కాబట్టి మొదటి లెక్క దానిదే.

ఆ లెక్క తేలక ఈ హెలికాప్టర్లు చాలా ఏళ్లు కరెంటుకు దూరంగానే ఉండిపోయాయి. 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ అదుపులో ఎగిరే రేడియో హెలికాప్టర్‌ను రూపొందించి, ఇంట్లో బిగించుకునే కిట్‌గా అమ్మకానికి తెచ్చారు. దాన్ని ఎగరేసింది ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ఈ సరదా ఉన్నవాళ్లకు చేతికి నూనె జిడ్డు, చెవికి ఇంజన్ రొద తప్పలేదు. నికెల్ కాడ్మియం బ్యాటరీలతో ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. కానీ ఆ సెల్ ఒక్కొక్కటి ఇచ్చేది 1.2 వోల్టులే. 12 వోల్టులు రావాలంటే పది సెల్స్ వరసగా కలపాలి. గట్టిగా కరెంటు ఇవ్వగల రకం ఒక్కోటి 55 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం అరకిలో దాటుతుంది. ఇంచుమించు అంతే విద్యుత్తు పట్టే ఇప్పటి లిథియం పాలిమర్ ప్యాక్ 180 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. బ్యాటరీతో కలిపి 800 గ్రాములుండే ‘450’ తరగతి హెలికాప్టర్‌కు ఆ పాత బ్యాటరీ కట్టి చూడండి. బరువు 1,170 గ్రాములవుతుంది, నిలబడడానికి కావలసిన శక్తి సుమారు 1.8 రెట్లకు పెరుగుతుంది. పైకి లేవడమే గగనం.

లోహం పోయి అయాన్ మిగిలింది

ఈ చిక్కుముడి విప్పింది లిథియం. లోహాలన్నిటిలోకీ తేలికైనది, ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. 1970ల్లో అమెరికాలోని ఎక్సాన్ పరిశోధనశాలలో స్టాన్లీ విటింగ్‌హమ్ ఒక ధ్రువంగా లిథియం లోహాన్నీ, రెండో ధ్రువంగా టైటానియం డైసల్ఫైడ్‌నూ పెట్టి, మళ్లీ మళ్లీ చార్జ్ చేయగల బ్యాటరీని తయారుచేశారు. అయితే చార్జ్ చేసిన ప్రతిసారీ లోహం నునుపుగా పేరుకోదు. సన్నని మొనలుగా పెరుగుతుంది. ఆ మొన అవతలి ధ్రువాన్ని తాకిందా, లోపలే షార్ట్ అయి నిప్పంటుకుంటుంది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధన ధ్రువంగా వాడితే దాదాపు 4 వోల్టులు వస్తాయని చూపింది. 1985లో జపాన్ శాస్త్రవేత్త అకిరా యోషినో అసలు లిథియం లోహాన్నే పక్కనపెట్టి, దాని స్థానంలో పెట్రోలియం కోక్ అనే కార్బన్ పదార్థాన్ని పెట్టారు. అప్పటినుంచి లిథియం లోహంగా పేరుకోదు. చార్జింగప్పుడు అయాన్ల రూపంలో కార్బన్ పొరల్లోకి దూరుతుంది, వాడేటప్పుడు తిరిగి కోబాల్ట్ ఆక్సైడ్‌లోకి పోతుంది.

1991లో సోనీ ఈ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2019లో ముగ్గురికీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవాళ్లలో ఆయనే అందరికన్నా పెద్ద.

డబ్బా తీసేస్తే

సోనీ మొదటి సెల్స్‌కు లోహపు డబ్బా తొడుగు ఉండేది. దాన్ని తీసేసే దారి మరోవైపు నుంచి వచ్చింది. 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పీటర్ రైట్, పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో లవణం కలిపితే అందులో అయాన్లు కదులుతాయని గమనించారు. 1978లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ ఆర్మాండ్ దీన్ని బ్యాటరీల్లో వాడొచ్చన్నారు. కానీ మామూలు వేడిలో ఆ పొడి పాలిమర్‌లో అయాన్లు చాలా నెమ్మదిగా నడుస్తాయి. 1990ల్లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు పాలిమర్‌ను ద్రవంలో నానబెట్టి జెల్‌లాగా చేయడంతో పని సాగింది. ఇవాళ మనం లైపో (లిథియం పాలిమర్) అని కొనే ప్యాకుల్లోనూ ద్రవంలో నానిన పొరలే ఉంటాయి.

ఒక సెల్ విప్పి చూస్తే (ఇది పరిశోధనశాలలో చేసే పని, ఇంట్లో ఎవరూ చేయకూడదు) గ్రాఫైట్ పూసిన రాగి రేకు, కోబాల్ట్ ఆక్సైడ్ పూసిన అల్యూమినియం రేకు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. రెండు రేకుల నడుమ ఉండేది ఇరవై మైక్రాన్ల చిల్లర మందం ఉన్న ప్లాస్టిక్ పొర. అంటే తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. పైన ఉండే సంచీ ప్లాస్టిక్, అల్యూమినియం కలిసిన పల్చటి రేకు.

డబ్బా పోవడంతో బరువు తగ్గింది, ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో ప్యాక్ చేయడం వీలైంది. దాంతోపాటే దెబ్బ ఓర్చుకునే గోడా పోయింది, ఒత్తిడి పెరిగితే వాయువును వదిలే కవాటమూ పోయింది. ఫోన్ బ్యాటరీలో ప్రమాదం కనిపెట్టి కరెంటు ఆపేసే సర్క్యూట్ ఒకటుంటుంది. హెలికాప్టర్ ప్యాకుల్లో సాధారణంగా అదీ ఉండదు. పెద్ద కరెంటుకు తగిన సర్క్యూట్ పెడితే బరువు పెరుగుతుంది, అది గాలిలో ఉన్నట్టుండి కరెంటు ఆపేస్తే హెలికాప్టర్ నేలకూలుతుంది. కర్ణుడు కవచం ఒలిచి ఇచ్చి శక్తి ఆయుధం పుచ్చుకున్నట్టు, ఈ బ్యాటరీ రక్షణ వదులుకుని బలం తెచ్చుకుంది. ఇక దాని కాపలా వాడేవాళ్ల చేతిలోనే ఉంది. చార్జింగ్ నియమాలన్నీ అక్కడినుంచి పుట్టినవే.

చార్జర్ తెర మీద

ప్యాక్ మీద ‘3ఎస్, 2200 ఎంఏహెచ్, 25సి’ అని ఉందనుకుందాం. 3ఎస్ అంటే మూడు సెల్స్ వరసగా కలిపారని. ఒక్కో సెల్ సగటున 3.7 వోల్టులు, మొత్తం 11.1. నిండుగా ఉంటే సెల్‌కు 4.2, మొత్తం 12.6. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అంటే ప్యాక్‌లో పట్టే విద్యుత్తు. ‘1సి’ అంటే ఒక గంటలో నిండే కరెంటు, ఈ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. 25సి అంటే 55 ఆంపియర్ల దాకా ఇవ్వగలదని తయారీదారు మాట. ఈ మాటను పూర్తిగా నమ్మేవాళ్లు తక్కువ.

చార్జర్‌కు రెండు తీగలు తగిలించాలి. లావుపాటి తీగలో కరెంటు పోతుంది. తెల్లటి చిన్న ప్లగ్గు ఉన్నది బ్యాలెన్స్ వైరు. తెర మీద లైపో, 3ఎస్, 2.2 ఆంపియర్లు ఎంచుకుని మొదలుపెడితే ముందు కరెంటు స్థిరంగా పోతుంది, వోల్టేజి మెల్లగా ఎక్కుతుంది. సెల్ 4.2కు చేరగానే చార్జర్ పద్ధతి మారుస్తుంది. వోల్టేజిని అక్కడే పట్టి ఉంచుతుంది, కరెంటు క్రమంగా సన్నగిల్లుతుంది. మొదట్లో ఇచ్చినదాంట్లో పదో వంతుకో ఇంకా కిందికో పడిపోయాక ఆపేస్తుంది. చివరి కాస్త నిండడానికి అంతసేపు పట్టేది అందుకే.

బ్యాలెన్స్ వైరు ఎందుకో ఒక కూడిక చెబుతుంది. మూడు సెల్స్‌లో ఒకటి 4.30, మిగతా రెండూ 4.15 ఉన్నాయనుకోండి. కలిపితే 12.60. మొత్తం మాత్రమే చూసే చార్జర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. లోపల ఆ ఒక్క సెల్ మాత్రం హద్దు దాటిపోయింది. హద్దు దాటిన సెల్‌లో గ్రాఫైట్‌లో చోటు చాలక లిథియం మళ్లీ లోహంగా పేరుకోవడం మొదలవుతుంది, కోబాల్ట్ ఆక్సైడ్ కట్టుబాటు సడలుతుంది. అందుకే ప్రతి చార్జింగ్‌లోనూ బ్యాలెన్స్ వైరు తగిలించాల్సిందే.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు తెర మీద నికెల్ బ్యాటరీ మోడ్ ఎంచుకోవడం. నికెల్ బ్యాటరీ నిండాక దాని వోల్టేజి కాస్త తగ్గుతుంది, చార్జర్ ఆ తగ్గుదల కోసమే కాచుకుని ఉంటుంది. నిండిన లిథియం సెల్‌లో అలాంటి తగ్గుదల రాదు. చార్జర్ కరెంటు నెడుతూనే పోతుంది, సెల్ ఉబ్బి మండుతుంది.

ఖాళీ అయ్యేదాకా వాడొద్దు

హెలికాప్టర్ ఆరు నిమిషాలు ఎగిరి 1,760 ఎంఏహెచ్ వాడిందంటే సగటున 17.6 ఆంపియర్లు లాగింది. ఆ 1,760 అంటే సామర్థ్యంలో 80 శాతం. అక్కడ దిగిపోవాలన్నది అనుభవజ్ఞుల నియమం, దానికి తగ్గట్టు రిమోట్‌లో టైమర్ పెట్టుకుంటారు. సెల్ 3 వోల్టుల కిందికి జారకూడదు. మరీ కిందికి పోతే రుణ ధ్రువంలోని రాగి కరిగి ద్రవంలో కలుస్తుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు అదే రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపల షార్ట్‌కు దారితీస్తుంది. అందుకే పూర్తిగా చచ్చిన ప్యాక్‌ను ‘లేపే’ చిట్కాల జోలికి పోకూడదు.

ప్యాక్ ముసలిదైందని చెప్పేది అంతర్గత నిరోధం. మంచి చార్జర్లు దీన్ని మిల్లీ ఓములలో చూపిస్తాయి. సెల్‌కు 5 మిల్లీ ఓములుంటే 30 ఆంపియర్లు లాగినప్పుడు మూడు సెల్స్ మీద 0.45 వోల్టు తగ్గి, 13.5 వాట్లు వేడిగా పోతాయి. అదే 15 మిల్లీ ఓములైతే 1.35 వోల్టులు తగ్గి, 40 వాట్లు వేడవుతాయి. హెలికాప్టర్‌కు ఊపు తగ్గిందని, ప్యాక్ కాలుతోందని పైలట్ అనేది దీన్నే. ప్రతి ప్యాక్ మీదా కొన్న తేదీ రాసి, నెలకోసారి ఈ అంకె నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటే ఎప్పుడు పక్కన పెట్టాలో అదే చెబుతుంది.

ఎండ, అలమార, మంట

లైపోను దెబ్బతీసేది వాడకం కన్నా ఎక్కువగా నిండుగా నింపి అట్టే పెట్టడం. 4.2 వోల్టుల దగ్గర లోపలి ద్రవం నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ వాయువులు పుడతాయి, వేడి తగిలితే ఆ పని జోరందుకుంటుంది. ఆదివారం వాన పడి ఎగరేయడం కుదరకపోతే, నింపిన ప్యాకుల్ని చార్జర్‌లోని స్టోరేజ్ మోడ్‌తో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గరికి దించాలి. రెంటచింతల ఎండల్లో మూసిన కారులో నిండు ప్యాక్ వదిలేయడమంటే చేతులారా ఉబ్బించుకోవడమే. ఎగిరి దిగిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టకూడదు, చల్లారనివ్వాలి. చలి దేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే అయాన్లు గ్రాఫైట్‌లోకి దూరలేక పైనే లోహంగా పేరుకుంటాయి.

చార్జింగ్ బండల మీదో టైల్స్ మీదో పెట్టాలి, మంచం మీదా సోఫాలోనూ కాదు. మనిషి అక్కడే ఉండాలి. కూలిన హెలికాప్టర్‌లోని ప్యాక్ పైకి బాగానే కనిపించినా, కనీసం అరగంట ఆరుబయట ఉంచి గమనించాకే లోపలికి తేవాలి. ఉబ్బిన ప్యాక్‌ను పిన్నుతో పొడవకూడదు, నొక్కకూడదు. ఒకవేళ అంటుకుంటే ముందు మనుషుల్ని బయటికి పంపాలి, ఆ పొగలో విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. వేడెక్కిన కోబాల్ట్ ఆక్సైడ్ తానే ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి గాలి ఆడకుండా మూస్తే మంట ఆరుతుందన్న భరోసా లేదు. చల్లార్చడానికి నీళ్లే మేలు.

హెలికాప్టర్ల నుంచి పొలాలకు

ఈ జాగ్రత్తలు ఇప్పుడు సరదా రాయుళ్లకే పరిమితం కావు. ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో మందు చల్లే డ్రోన్లలో చాలావాటికి ఇలాంటి లైపోలే కడతారు. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాల చేతికి వస్తున్నవీ ఈ తరహా డ్రోన్లే. పైన చెప్పుకున్న చిన్న ప్యాక్‌లో ఉండేది 24 వాట్ అవర్ల శక్తి. పొలం డ్రోన్‌కు వాడే 12ఎస్, 16,000 ఎంఏహెచ్ బ్యాటరీలో 710 వాట్ అవర్లు, అంటే దాదాపు 29 రెట్లు. గట్టు మీద జనరేటర్ పెట్టి ఎండలో చార్జ్ చేసే చోట ప్యాక్ చల్లారేదాకా ఆగడం, నీడ చూసుకోవడం ఇంకా ముఖ్యం.

ప్రయాణాల్లో విడి బ్యాటరీలు చెక్ఇన్ సామానులో పెట్టకూడదు, టెర్మినళ్లకు టేపు వేసి చేతి సంచీలోనే తీసుకెళ్లాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 6ఎస్, 5000 ఎంఏహెచ్ ప్యాక్ 111 వాట్ అవర్లు కాబట్టి ఆ గీత దాటుతుంది. పని అయిపోయిన ప్యాక్‌ను కారు బల్బు కట్టి ఆరుబయట పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు.

పిల్లలకో మీకో రేడియో హెలికాప్టర్ కొనాలని ఉంటే ముందు డబ్బు చార్జర్‌కు తీసి పెట్టండి. సెల్ సెల్‌కూ వోల్టేజి, నిరోధం చూపించి, బ్యాలెన్స్ చేసి, స్టోరేజ్ మోడ్ కూడా ఉన్నది కొనండి. హెలికాప్టర్లు కూలుతుంటాయి, బ్యాటరీలు ముసలివవుతుంటాయి. మంచి చార్జర్ ఆ రెండింటికన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది, ఇంటిని కూడా కాపాడుతుంది.