గన్నవరం అక్విడెక్టూ, మీ ముంజేయీ

ఒరేయ్ పిల్లలూ, మోచెయ్యి గుమ్మానికి తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుందే, అది ఎముక పని కాదర్రా! మోచేతి వెనక గాడిలో, చర్మం కిందనే అల్నార్ నరం పోతోంది. దెబ్బ దానికి తగిలిందన్నమాట. చిటికెనవేలూ, ఉంగరపువేలిలో సగమూ దాని ఇలాకా. అరచేతి వైపు తక్కిన వేళ్ళన్నీ మీడియన్ నరానివి.

ఈ నరాల పుట్టిల్లు మెడ. అక్కణ్ణుంచి బయల్దేరిన 5 నరాలు కలిసి 3 అవుతాయి, చీలి 6 అవుతాయి, మళ్ళీ 3గా కలిసి, చివరికి 5 పెద్ద నరాలై చేతిలోకి దిగుతాయి. అమలాపురం కిమ్స్ మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లల్ని నిద్రలో లేపినా ఈ లెక్క అప్పజెబుతారు. తీరా బల్ల మీద దేహాన్ని కోసి చూస్తే పుస్తకంలో లేని చిత్రాలు బయటపడతాయి. రెండు పాయలు కలిసి ఏర్పడాల్సిన మీడియన్ ఒకరికి మూడు పాయలతో ఉంటుంది. ఇంకొకరికి జబ్బ కండకెళ్ళాల్సిన నరమే ఉండదు, ఆ పని మీడియనే చూసుకుంటుంది. బతికినన్నాళ్ళూ ఆయన బస్తాలు మోసే ఉంటాడు, ఏ లోటూ తెలిసుండదు.

పైకి కనబడే తేడా ఒకటి చూపిస్తానుండండి. బొటనవేలూ చిటికెనవేలూ కొసలు ఆనించి, మణికట్టు కాస్త లోపలికి వంచండి. మధ్యలో ఒకటి బిగిసి పైకి లేచిందా? అది నరం కాదు, కండ చివరి స్నాయువు. కొందరికి అసలుండదు. మా చిన్న మనవడికి కుడిచేతికుంది, ఎడమచేతికి లేదు. వాడు దాన్ని బడంతా చూపించుకుని తిరిగాడు, అది వేరే కథ.

అసలు తమాషా ముంజేతిలో ఉంది. మన వైనతేయ నదికి ఇటు అమలాపురం, అటు రాజోలు కదా. రాజోలు చేలకు నీళ్ళెలా వెళుతున్నాయి? ఇటు వైపు నడిచొచ్చిన కాలువ పి.గన్నవరం దగ్గర అక్విడెక్టెక్కి, నది నెత్తిమీదుగా అవతలికి దాటుతుంది. అచ్చం అలాగే, అల్నార్ ఇలాకాలోని కండలకు చేరాల్సిన పోగులు కొన్ని మీడియన్‌లోనే మోచెయ్యి దాటొచ్చి, ముంజేతిలో అల్నార్‌లోకి దాటుకుంటాయి. 1763లో మార్టిన్ అనే స్వీడన్ ఆయన దీని గురించి రాశాడు, 1870లో గ్రూబర్ మళ్ళీ వివరించాడు. అందుకే మార్టిన్-గ్రూబర్ కలయిక అంటారు. ఇదేదో లక్షమందిలో ఒకరికి అనుకునేరు, 100 మందిలో సుమారు 20 మందికి ఉంటుంది.

దీంతో డాక్టర్లకే చిక్కు. కొబ్బరి దింపు చేసేవాడి కత్తి జారి మోచేతి దగ్గర అల్నార్ తెగిందనుకోండి. డాక్టరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగుతాడు. నరం తెగితే ఆ పట్టు సడలాలి, బొటనవేలి కొస వంగిపోవాలి. ఈ కలయిక ఉన్న మనిషి మాత్రం కాగితాన్ని వదలకపోవచ్చు! సగం నీళ్ళు అక్విడెక్టు మీదుగా వస్తున్నాయిగా మరి. నరానికి కరెంటిచ్చి చూసే పరీక్షలో ఇంకో తిరకాసు. అల్నార్‌కి మణికట్టు దగ్గర తాకిస్తే కండ గట్టిగా అదురుతుంది, మోచేతి దగ్గర తాకిస్తే తక్కువగా. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని రాసేయబోతాడు డాక్టరు. అనుభవమున్నవాడైతే కలం ఆపి, మోచేతి దగ్గర మీడియన్‌కి కూడా ఓసారి తాకిస్తాడు. తగ్గిందనుకున్న అదురు అక్కడ దొరుకుతుంది.