ఫోన్లు, ఛార్జర్లు, మధ్యలో మూడో టేబుల్

ఇంట్లోని గ్యాడ్జెట్ల లెక్కకి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఓ డేటాబేస్ చేశా. ఒక ఫోన్‌కి ఎన్నో రిపేర్లు, ఒక్కో రిపేరు ఒక్క ఫోన్‌దే. ఇది పేరెంట్-చైల్డ్, రిపేర్ల టేబుల్‌లో ఫోన్ ఐడీ పెడితే చాలు.

తిప్పలన్నీ ఛార్జర్లతోనే. ఒక్క ఛార్జర్ నాలుగు ఫోన్లకి, ఒక్క ఫోన్‌కి మూడు ఛార్జర్లు. ఛార్జర్1, ఛార్జర్2, ఛార్జర్3 అని కాలమ్స్ పెట్టేశా. నాలుగోది కొనగానే దొరికిపోయా! ఇక్కడ కావాల్సింది జంక్షన్ టేబుల్: ఫోన్ ఐడీ, ఛార్జర్ ఐడీ, రెండూ కలిపి ప్రైమరీ కీ. ఎన్ని వాట్స్‌తో ఛార్జ్ అవుతుందో కూడా అందులోనే రాయాలి. అది ఫోన్‌దీ కాదు, ఛార్జర్‌దీ కాదు, ఆ జంటది.

రిలేషన్‌షిప్స్ విండోలో రిఫరెన్షియల్ ఇంటెగ్రిటీకి టిక్ పెట్టండి. కాస్కేడ్ డిలీట్ జంక్షన్ టేబుల్‌కైతే ఓకే, రిపేర్లకి వద్దు. మా బావకి అమ్మిన ఫోన్ రికార్డు తీసేస్తే, దాని రిపేర్లన్నీ కూడా పోయాయి. "బ్యాటరీ ఎప్పుడు మార్పించావురా?" అని బావ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.